మేం పిల్లలం కాదు!



ఒక్క తూటా పేలకుండ ఏకపార్టీ పాలన ఎట్ల కూలిందో చెప్పమన్నరు. చెకోస్లోవేకియా ముచ్చట చెప్త. 1948 నుంచి ఆడ కమ్యూనిస్టులదే రాజ్యం. 1989 నవంబర్ 17న ప్రాగ్‌ల విద్యార్థులు ఊరేగింపు తీసిన్రు. పోలీసులు లాఠీలతోటి చితకబాదిన్రు. తెల్లారి నుంచి నాటకాలు బంద్. నటులు సమ్మెకు దిగిన్రు, నాటకశాలలే సభలైనయి.

అయితే సర్కారుకు అసలు చెమటలు పట్టింది కార్మికులతోటి. నవంబర్ 23న ప్రాగ్ పార్టీ కార్యదర్శి మిరోస్లావ్ ష్టెపాన్ చేకాడే రైలింజన్ల కార్ఖానకు పోయిండు. పదిహేనేండ్ల పిల్లలు చెప్తే దేశాధ్యక్షుడు దిగిపోవాల్నా, ఏ దేశంల ఉన్నదిది అని గద్దించిండు. మేం పిల్లలం కాదని కార్మికులు ఒక్కపారి ఒర్రిన్రు. కార్మికుల పేరు మీద ఏలే పార్టీకి ఇంకేం మిగిలింది! 27న పగలు 12 నుంచి 2 దాకా దేశమంత సమ్మె. రెండే గంటలు! 29న పార్టీ పెత్తనం రాసిన నిబంధనను పార్లమెంటే రాజ్యాంగంలకెల్లి తీసేసింది.

ఆ ఏడు మే దాకా జైల్ల ఉన్న నాటకకర్త వాత్స్లావ్ హావెల్ డిసెంబర్ 29న అధ్యక్షుడైండు. 1990 జూన్‌ల ఎన్నికలైనయి. కమ్యూనిస్టు పార్టీని నిషేధించలే. అదీ పోటీ చేసింది, రెండో స్థానంల నిలిచింది.