పేరాల: తుపాకీ లేని సైన్యం, ఖాళీ అయిన ఊరు

2025 మే 7 గుర్తుందా? హైదరాబాద్‌లో, విశాఖలో సైరన్లు మోగించి సివిల్ డిఫెన్స్ మాక్ డ్రిల్ చేశారు. ఆ రోజు మా ఫ్రెండ్స్ గ్రూపులో అందరిదీ ఒకటే డౌట్: యుద్ధమొస్తే సైన్యం సంగతి సరే, ఇంట్లో ఉన్న మనం ఏం చేయాలి?

దీనికి మన పేరాల 1921లోనే ప్రాక్టికల్స్ చేసేసింది. ఎదురుగా బ్రిటిష్ సర్కారు. చేతిలో తుపాకీ లేదు.

అప్పట్లో చీరాల, పేరాల కలిపి సుమారు 15 వేల జనాభా. నేతపని వాళ్ళు ఎక్కువ. సర్కారు రెండూళ్ళనీ కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి 4 వేల రూపాయలున్న పన్ను 40 వేలకి పోయింది. పది రెట్లండీ! జనం కట్టం అన్నారు. కొందరు జైలుకెళ్ళారు, వాళ్ళలో ఒక మహిళ కూడా ఉంది.

ఇక్కడ ఎంట్రీ దుగ్గిరాల గోపాలకృష్ణయ్యది. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివొచ్చిన మనిషి. ఆయన తయారుచేసిన వాలంటీర్ దళం పేరు 'రామదండు'. కాషాయం బట్టలు, మెడలో రుద్రాక్షలు, పక్కా క్రమశిక్షణ. అంటే సైన్యం రెడీ. మరి ఊరో?

అదే ఏడాది విజయవాడలో కాంగ్రెస్ సమావేశం జరిగింది. జూన్ 30 లోపు కోటి రూపాయల నిధి, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అని టార్గెట్ పెట్టారు. దేశం మొత్తాన్నీ కదిలించడమంటే అదీ లెక్క. అక్కడి నుంచి గాంధీగారు చీరాల వచ్చారు. ఆయన చూపిన దారుల్లో ఒకటి, ఊరొదిలేసి మునిసిపాలిటీ హద్దు దాటి బయట ఉండటం. ఊళ్ళో జనమే లేకపోతే పన్నెవరు కడతారు?

నిజంగానే వెళ్ళిపోయారు! మండుటెండల్లో, వేల మంది, హద్దు అవతల పాకలేసుకున్నారు. దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. ఒక్కసారి ఆలోచించండి, గుంట మగ్గాన్ని మంచంలా ఎత్తుకెళ్ళలేం కదా. కొత్త చోట మళ్ళీ గొయ్యి తవ్వుకోవాలి. మగ్గం ఆడకపోతే కూలి లేదు. నీళ్ళు, తిండి, పిల్లలు, ముసలివాళ్ళు, తర్వాత వానాకాలం... నన్నడిగితే రామదండు కవాతు కంటే ఈ పాకల్లో కాపురమే కష్టం.

అలా 11 నెలలు ఉన్నారు.

మరి ఎక్కడ తేడా కొట్టింది? గోపాలకృష్ణయ్య బరంపురం వెళ్తే, అక్కడ మాట్లాడకూడదని ఆర్డర్ ఇచ్చారు. ఆయన వినలేదు. ఏడాది జైలు, తిరుచిరాపల్లిలో. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే బ్యాకప్ లేని సర్వర్ డౌన్ అయింది. ఇటు జనం దగ్గర డబ్బులూ అయిపోతున్నాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే సర్కారు ఏం చేసిందో చూడండి. 1939లో సుమారు 2 లక్షలున్న భారత సైన్యాన్ని 1945కల్లా 25 లక్షలు దాటించింది. దాని చేతిలో ఖజానా ఉంది, రైళ్ళున్నాయి, రేషన్ ఉంది, ఎదురు చెప్పినోణ్ణి లోపలేసే చట్టం ఉంది. పేరాల దగ్గర ఉన్నది ఒప్పుకున్న జనం మాత్రమే. వాళ్ళ ఇంట్లో బియ్యం ఎన్నాళ్ళుంటే పోరాటం అన్నాళ్ళు.

చివరికి జనం ఇళ్ళకి తిరిగొచ్చారు. మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది. గోపాలకృష్ణయ్య 1928లో, 39 ఏళ్ళకే పోయారు.

మీ ఇంట్లో పెద్దోళ్ళు రామ్‌నగర్ పాకల గురించి ఏమైనా చెప్పారా? కామెంట్‌లో రాయండి, నేను చదువుతా. ఉంటాను మరి.