ఎవరికి ఏ పెట్టె తెరువవలెను?



మన పెద్దల యిండ్లలో ఒక వస్తువు ఉంచిన చోటునుబట్టియే అది యెవరికి చూపదగినదో తెలియుచుండెడిది. అరుగు బాటసారికైనను కూర్చుండుటకు తగినది. వసారా చుట్టములది. నడిమింటి భోషాణము ఇంటివారిది మాత్రమే. దాని తాళపుచెవి ఇల్లాలి కొంగున నుండెడిది. ఈ మర్యాదను ఎవ్వరును కాగితముపై వ్రాసిపెట్టలేదు. గడపలును తలుపులును దానిని కాపాడినవి. ఈనాడు మన దస్తావేజులు, ఛాయాచిత్రములు, జమాఖర్చులు కంప్యూటరులోనికిని చేతిఫోనులోనికిని చేరినవి. అచ్చట పుట్టుకతో వచ్చిన గోడలు లేవు. మనము కట్టుకొన్నదే గోడ, మనము పెట్టుకొన్నదే తలుపు. ఆ తలుపులను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుటయే నేటి నా ఉద్దేశము.

కంప్యూటరులోని ఒక్కొక్క పత్రమును ఫైలు అందురు. కొన్ని ఫైళ్లను చేర్చి ఉంచిన పెట్టె ఫోల్డరు. ఒక యూరి కంప్యూటరులోని ఫైలు మరియొక యూరికి చేరుటకు రెండు మార్గములు కలవు. మొదటిది, నడుమ నొక కంపెనీవారి పెద్ద కంప్యూటరులో దానిని భద్రపరచి, రెండవవారు అక్కడినుండి తీసికొనుట. ఆ పెద్ద కంప్యూటరును సర్వరు అందురు. రెండవది, నడుమ గిడ్డంగి లేకుండ నా యంత్రమునుండి నేరుగా మీ యంత్రమునకే పంపుట. దీనికి పీర్ టు పీర్ పద్ధతి యని పేరు. అనగా సమానులు సమానులతో చేయు ఇచ్చిపుచ్చుకొనుట. సంతకు పోకుండ పొరుగింటివారితో వడ్లు మార్చుకొనుట వంటిది.

ఈ పద్ధతి 1999 లో నాప్‌స్టర్ అను సాఫ్టువేరుతో అమెరికాలో బహుళ ప్రచారమునకు వచ్చినది. ఎవరియొద్ద ఏ పాట యున్నదో తెలుపు పట్టిక మాత్రము సర్వరులో నుండెడిది. పాటలు ఒక యింటినుండి మరియొక యింటికి నేరుగా పోవుచుండెడివి. పాటల హక్కుదారులు వ్యాజ్యము తెచ్చుటచేత అది 2001 జూలైలో ఆగిపోయెను. తరువాత కజా మొదలగునవి వచ్చినవి. ఆ తొలినాటి సాఫ్టువేరులలో సామాన్యముగా ఒక్కటే తలుపు. పంచుటకు చూపిన ఫోల్డరు లోకమున కంతటికిని తెరచియుండును. చుట్టమనియు, పరాయివాడనియు తారతమ్యము లేదు.

దాని ఫలిత మేమైనది? నాథనియల్ గుడ్, ఆరన్ క్రెకెల్‌బర్గ్ అను పరిశోధకులు కజాను వాడువారిని పరీక్షించి 2003 లో ఫలితములను ప్రకటించిరి. తమ యంత్రమునుండి ఏ ఫైళ్లు బయటికి పోవుచున్నవో సరిగా చెప్పగలిగినవారు పండ్రెండుగురిలో ఇద్దరు మాత్రమే. కొందరి ఉత్తరముల ఫైళ్లు సైతము వారికి తెలియకుండగనే వీధిని పడియుండెను. 2010 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వపు వాణిజ్య సంఘమువారు ఇంచుమించు నూరు సంస్థలకు లేఖలు వ్రాసి, మీయొద్దనున్న ప్రజల స్వంత వివరములు ఇట్టి పంపకపు మార్గమున బయటపడినవని హెచ్చరించిరి. ఇందు దొంగ గోడకు కన్నము వేయలేదు. ఇంటివారే తలుపు తెరచి నిద్రించిరి.

కాబట్టి ఒక్క తలుపు చాలదు. పెట్టెకొక తలుపు కావలెను. ఒక గృహస్థుని తలచుకొనుడు. ఆయనయొద్ద మూడు విధములైన పత్రములు కలవు. పెండ్లి ఛాయాచిత్రములు బంధువుల కందరికిని చూపదగినవి. నీటి సంఘపు లెక్కలు సంఘ సభ్యులకు చూపవలసినవి. పట్టాదారు పాసుపుస్తకము, వీలునామా మొదలగునవి కొడుకునకును కూతురునకును మాత్రమే. ఈ మూటికి మూడు ఫోల్డరులు చేసి, ఒక్కొక్క దానిని ఒక్కొక్క బృందముతో పంచుకొనుటకు నేటి సాఫ్టువేరులు వీలు కల్పించుచున్నవి.

ఇందును రెండు తెరగులు కలవు. ఒకటి తాళపుచెవి పద్ధతి. 2013 లో వచ్చిన బిట్‌టోరెంట్ సింక్ అను సాఫ్టువేరు మొదట ఇట్టిది. ప్రతి ఫోల్డరునకును ఒక రహస్యాక్షరమాల యుండును; అది తెలిసినవారెల్లరును లోనికి రావచ్చును. ఇది సులభమే కాని, ఒకరిని మానిపింపవలెనన్న తాళమునే మార్చి, తక్కినవారి కందరికిని క్రొత్త చెవి పంచవలెను. రెండవది జాబితా పద్ధతి. అదే 2013 లో మొదలైన సింక్‌థింగ్ అను ఉచిత సాఫ్టువేరు ఇట్టిది. ఇందు ప్రతి యంత్రమునకును 56 అక్షరముల గుర్తు కలదు. ఏడేసి అక్షరములుగా ఎనిమిది గుంపులుగా దానిని వ్రాయుదురు. నేను నా ఫోల్డరు ప్రక్కన మీ యంత్రపు గుర్తును చేర్చవలెను. మీరును నా గుర్తును ఒప్పుకొనవలెను. ఇరుపక్షముల సమ్మతి లేనిదే ఒక్క కాగితమైనను కదలదు. ఒకరిని మానిపింపవలెనన్న ఆ ఒక్క పేరు కొట్టివేసిన చాలును. దారిలో పోవు పత్రములు గూఢలిపిలో పోవును గనుక నడుమనున్నవారు చదువజాలరు.

ఇంత చక్కని యేర్పాటున్నను పొరపాటు ఎట్లు కలుగునో చెప్పుటకు నా యింటి కథయే చాలును. మా బంధువులు పదునాలుగు ఇండ్లవారు. వారందరితోను ‘కుటుంబము’ అను ఫోల్డరును పంచుకొని, అందు పెండ్లిండ్ల ఛాయాచిత్రము లుంచెడివాడను. ఒకప్పుడు మా పెద్దన్నగారికి జబ్బుచేసి పరీక్షలు జరిగినవి. వైద్యుల కాగితములను పట్టణముననున్న మా అన్నగారి కుమారునకు చూపదలచి, ‘కుటుంబము’ లోపలనే మరియొక చిన్న ఫోల్డరు చేసి అందుంచితిని. దానిని అతనితో మాత్రమే పంచుకొంటినని భ్రమించితిని. కాని పెద్ద పెట్టె ఎవరికి తెరచితిమో, అందలి చిన్న పెట్టెయు వారికి తెరచినట్లే గదా! మరునాటికి పదునాలుగు ఇండ్లకును ఆ కాగితములు చేరినవి. వ్యాధి యెట్టిదో అన్నగారికి మేమింకను చెప్పలేదు. ఎచ్చటనో దూరపు బంధువొకరు ఫోనుచేసి ఆయననే ఓదార్చిరి. సాయంకాలము నేను పోగా, ఆయన కోపింపలేదు. “ఏమిరా తమ్ముడా, జబ్బు నాది గదా, కబురు నాకే కడపట వచ్చినదేమిరా?” అని మాత్రమనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

వెంటనే ఆ కాగితములను తీసివేసితిని. నా తోడిపాటు తక్కిన యంత్రములలోను అవి మాయమైనవి. అయినను కొందరు అప్పటికే చదివిరి, కొందరు వేరుచోట నకలు తీసికొనిరి. కాలు జారిన తీసికొనవచ్చును, నోరు జారిన తీసికొనలేమని పెద్దలు చెప్పినది ఫోల్డరునకును వర్తించును. జాబితాలో పేరు కొట్టివేసినచో క్రొత్త పత్రములు పోవుట మానునే కాని, వెనుక పోయినవి తిరిగి రావు. మరియు, మనము పంచినవారు తమ యంత్రమునుండి వేరొకరికి పంచవచ్చును. సాఫ్టువేరు గడపవరకే కావలి కాయును. గడప దాటిన పిదప కావలి మనుష్యుని మర్యాదయే.

కావున నేను నేర్చుకొన్న కొన్ని జాగ్రత్తలను మనవి చేసెదను. మొదట మనుష్యులను విభజింపుడు, పిదప కాగితములను విభజింపుడు. ఎవరు చూడవలెనో నిశ్చయింపక ఫోల్డరు చేయకుడు. రెండవది, ఒక బృందపు ఫోల్డరు లోపల మరియొక బృందపు ఫోల్డరు ఉంచకుడు, ప్రక్కప్రక్కన ఉంచుడు. మూడవది, పేర్లు స్పష్టముగా నుండవలెను. ‘కుటుంబము’ అను పేరే నన్ను మోసగించినది. ‘బంధువులందరికి’ అని పెట్టియున్నచో నా చేయి వెనుదీసెడిది.

నాలుగవది, ఇచ్చుటకును పుచ్చుకొనుటకును భేదము గుర్తింపుడు. ఇరువైపుల మార్పులు జరుగు ఫోల్డరులో ఒకరు ఫైలును చెరిపివేసిన అందరియొద్దను చెరిగిపోవును. సంఘపు లెక్కలవంటివి వ్రాయువాని యంత్రమున ‘పంపుట మాత్రమే’ అను ఏర్పాటును, చదువువారి యంత్రములలో ‘పుచ్చుకొనుట మాత్రమే’ అను ఏర్పాటును చేయవలెను. అట్లు చేసినచో చదువువాని పొరపాటు అసలు లెక్కను తాకదు. పాత ప్రతులను దాచు ఏర్పాటు కూడ కలదు. దానిని మొదటనే పెట్టుకొనవలెను. అయినను ఇది పంపకమే కాని భద్రపరచుట కాదు. ముఖ్యమైన దస్తావేజులకు వేరుగ నొక ప్రతి యుండియే తీరవలెను.

అయిదవది, ఇది నేరుగా జరుగు వ్యవహారము గనుక రెండు యంత్రములును ఏదో యొక వేళ ఒక్కమారు మేల్కొని యుండవలెను. నా కంప్యూటరు పగలు, మీది రాత్రి పనిచేసినచో, రెంటితోడను సంబంధము గల మూడవ యంత్రము నడుమ నుండిననే గాని కాగితము చేరదు. ఆ మూడవ యంత్రము నమ్మకము లేనివారిదైనచో, వారికి చదువనలవికాని గూఢలిపి ప్రతిని మాత్రమే ఉంచు సౌకర్యమును సింక్‌థింగ్‌లో కలదు. ముద్రవేసిన లకోటాను పొరుగువారికి అప్పగించినట్లు.

కడపటిది అన్నిటికంటె ముఖ్యమైనది. పంచిన పిదప అవతలివారి యింట కూర్చుండి, వారి యంత్రమున ఏమి కనబడుచున్నదో ఒక్కమారు చూడుడు. తన యింటి దీపము వీధిలోనికి ఎంతదూరము ప్రసరించునో ఇంటిలోనుండి తెలియదు. వీధిలో నిలిచి చూడవలెను. నేను ఆ పని చేసియుండినచో మా అన్నగారికి ఆ ఫోను వచ్చెడిది కాదు.

శ్రోతలారా! ఈ యంత్రములను నడుపుట మీ మనుమలకు మీకంటె బాగుగ తెలియవచ్చును. కాని ఏది అరుగుమీదిదో, ఏది భోషాణములోనిదో నిర్ణయించు వివేకము మీయొద్దనే కలదు. పిల్లలు ఫోల్డరులు కట్టునపుడు ప్రక్కన కూర్చుండి, “ఇది యెవరెవరికి కనబడును?” అని ఒక్క ప్రశ్న వేయుడు. ఆ ప్రశ్నకు జవాబు దొరకనంతవరకు పెట్టె తెరువనీయకుడు.