యంత్రవాద్యమునకు వేరు గృహము

వాద్యమనగానే పనసకర్ర, తోలు, తీగ, వెదురు, వీనిలో ఏదో యొకటి మన మనస్సునకు స్ఫురించును. కాని నేడు సంగీతపు స్టూడియోలలో మ్రోగుచున్న వాద్యములలో పెక్కింటికి కర్రయు లేదు, తోలును లేదు. అవి కంప్యూటరు చేయు లెక్కలు. కొన్ని, నిజమైన పియానో ధ్వనులను మీట మీటకును ముందుగా ముద్రించి దాచుకొని, అడిగినపుడు వెలికిదీసి యిచ్చును. మరికొన్ని నాదమునే అప్పటికప్పుడు గణించి పుట్టించును. వీనినే సాఫ్టువేరు వాద్యములందురు. కళాకారుని ముందున్న కీబోర్డు ఏ మీట, ఎంత వడితో నొక్కబడినదో మాత్రమే తెలుపును. 1983లో వెలువడిన మిడి అను సంకేతభాష అందులకు సాధనము. నాదమును పుట్టించు భారమంతయు కంప్యూటరుది.

ఆ కంప్యూటరు ఎటువంటిదై యుండవలెను? ఉత్తరములు వ్రాసికొనుటకును, సినిమాలు చూచుటకును వాడుకొను యంత్రమే చాలునా? లేక వాద్యము కొరకే నియమించిన పెట్టె యొకటి కావలెనా? ఈ ప్రశ్నను కొంత విచారింతము.

1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ అను ఇంజనీరు వ్రాసిన కార్యక్రమముతో ఐ.బి.యం. 704 కంప్యూటరు 17 సెకనుల పాటను కూర్చినది. యంత్రము న్యూయార్కు నగరమున నుండెను. లెక్కలతో నిండిన టేపును న్యూజెర్సీలోని ప్రయోగశాలకు కొనిపోయి అక్కడ ధ్వనిగా మార్చవలసి వచ్చెను. అంతటి ఆలస్యమును ఏ గాయకుడును సహింపజాలడు గదా! కావున వెంటనే పలుకు యంత్రము కావలెనన్నచో దానిని ప్రత్యేకముగా నిర్మించుటయే మార్గమైనది. పారిస్‌లోని ఇర్కామ్ సంస్థలో జ్యూసెప్పె ది జ్యూన్యో రూపొందించిన 4ఎక్స్ యంత్రము అట్టిది. 1981లో పియరీ బూలె తన ‘రెపాన్’ కృతిని దాని సాయముననే వినిపించెను. పిమ్మట ఇండ్లలోని కంప్యూటర్లు బలపడినవి. జర్మనీకి చెందిన స్టైన్‌బెర్గ్ సంస్థ 1996లో వి.యస్.టి. అను పద్ధతిని ప్రవేశపెట్టి, 1999లో దానిని వాద్యములకు విస్తరింపజేసెను. నాటినుండి సామాన్యపు కంప్యూటరే వాద్యశాల యైనది.

చిక్కు ఇక్కడనే యున్నది. శ్రావ్యమైన ధ్వనికి సెకనుకు 44,100 అంకెలు ఎడతెగక అందవలెను. సామాన్యపు కంప్యూటరు బహుకార్యమగ్నము. ఒక క్షణము వాద్యమును పలికించుచు, మరుక్షణము వచ్చిన ఉత్తరమును చూచును. ఆపైన వైరసులకై వెదకును. బంతిభోజనమున వడ్డించువానిని నలుగురు నాలుగు వైపుల పిలిచినట్లుండును దాని పని. విస్తరి ఖాళీ కాకుండుటకై అంకెలను ముందుగానే కొంత రాశిపోసి యుంచుదురు. ఈ రాశికి బఫరని పేరు. రాశి పెద్దదైనచో మీట నొక్కిన పిమ్మట ధ్వని ఆలస్యముగా వినవచ్చును. చిన్నదైనచో, కంప్యూటరు ఏమరిన క్షణమున రాశి తరిగిపోయి, చిటుక్కుమను శబ్దముతో ధ్వని తెగును.

ఈ ఆలస్యము ఎంత? రాశిలో 1024 అంకెలున్నచో 23 మిల్లీసెకనులు. 256 ఉన్నచో దాదాపు 6. మిల్లీసెకను కాలములో ధ్వని గాలిలో సుమారు 34 సెంటీమీటర్లు పోవును. అనగా 23 మిల్లీసెకనుల ఆలస్యము, చేతిక్రిందనున్న వాద్యము ఎనిమిది మీటర్ల ఆవల మ్రోగినట్లు. సెకనుకు ఎనిమిది దెబ్బల వేగమున వాయించువానికి రెండు దెబ్బల నడుమ వ్యవధి 125 మిల్లీసెకనులే. అందులో ఇంచుమించు అయిదవవంతు ఆలస్యమునకే చెల్లిపోయినచో లయ నిలుచుట యెట్లు? గమకము సంగతి మరియు సున్నితము. చెవి విన్నదానిని బట్టి వ్రేలు జారును. వ్రేలు జారినదానిని చెవి వెంటనే వినవలెను. 2018లో మిడికి చేరిన ఎం.పి.ఇ. ఏర్పాటు వలన ఒక్కొక్క స్వరమును వేరువేరుగా వంచుట సాధ్యమైనది. కాని వంచిన స్వరము వేళకు వినబడనిచో ప్రయోజనమేమి?

ఇందుకు విరుగుడుగానే ప్రత్యేకపు పెట్టెలు వచ్చినవి. కాలిఫోర్నియాలోని మ్యూజ్ రిసెర్చ్ వారి ‘రిసెప్టర్’, విండోసు కొరకు వ్రాసిన వాద్యములను లినక్సు మీద నడిపించినది. 2011లో వెలువడిన కోర్గ్ ‘క్రోనోస్’ చూపునకు కీబోర్డు. లోపల లినక్సు కంప్యూటరు, దానిలో తొమ్మిది విధముల నాదయంత్రములు. లండనులోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయమున పుట్టిన ‘బేలా’ అరచేతిలో ఇమిడెడు పలక. దాని ఆలస్యము ఒక మిల్లీసెకనుకు లోపే. ఈ మూడింటిలోను సామాన్యపు కంప్యూటరు తెగకు చెందిన ప్రాసెసరే యున్నది. వాని గొప్పతనము చేర్చిన వస్తువులలో కంటె తొలగించిన పనులలో ఎక్కువగా నున్నదని మా అభిప్రాయము.

మన కచేరీలలోని శ్రుతిపెట్టెను చూడుడు. ఒక్క పని దానిది. విద్యుత్తున్నంతవరకు తప్పక చేయును. ఇప్పుడు కొందరు విద్వాంసులు సెల్‌ఫోనునే శ్రుతికి పెట్టుకొనుచున్నారు. నాదము బాగుగనే యుండును. ఆలాపన నడుమ బంధువులెవరో పిలిచినపుడు మాత్రము సభయంతయు ఆ పిలుపును వినవలసివచ్చును!

అయినను పెట్టెను కొన్నవారు దాని వార్ధక్యమును గూడ కొన్నట్లే. తయారుచేసినవారు విరమించినచో క్రొత్త వాద్యములు అందులో నడువవు; పాతవానికి మరమ్మతు దొరకదు. 4ఎక్స్ కాలము చెల్లిన పిమ్మట ‘రెపాన్’ కృతికి కావలసిన కార్యక్రమములను ఇతర యంత్రములకు తిరిగి వ్రాయవలసివచ్చెను. స్వరపత్రము చెక్కుచెదరలేదు, వాద్యమే గతించినది. సామాన్యపు కంప్యూటరుపై వ్రాసినవానికి ఈ భయము బొత్తిగా లేదనము గాని, మార్చుకొను దారులు ఎక్కువ.

కావున వేదిక మీదను, ప్రత్యక్ష ప్రసారములందును ఈ పెట్టెకు చోటు కలదు. అక్కడ తెగిన ధ్వనిని మరల అతికించు అవకాశము లేదు. ముద్రించి, దిద్ది, కూర్చు స్టూడియోలో ఇది అంతగా అవసరము కాదు. ఇంటిలో అభ్యాసము చేయు పిల్లలకు బొత్తిగా అనవసరము. వారికి ఖర్చులేని ఉపాయము వేరే యున్నది. వాయించునపుడు ఇంటర్నెట్టును త్రెంచి, ఇతర కార్యక్రమముల నన్నింటిని మూసివేసి, బఫరును 1024 నుండి 512కు, అటుపై 256కు తగ్గించుచు వినవలెను. చిటుక్కుమను శబ్దము తొలిసారి వినిపించినపుడు ఒక మెట్టు వెనుకకు పోయిన చాలును.