వైద్యనీతి సలహాదారు: చట్టబాధ్యత, బీమా రక్షణ

రోగికి ఏ చికిత్స చేయాలో వైద్యుడు నిర్ణయిస్తాడు. ఆ చికిత్స చేయడం తగునా, ఎవరి అంగీకారంతో చేయాలి, ఎక్కడ ఆపాలి అన్న ధర్మసందేహాలు తలెత్తినప్పుడు వైద్యునికీ రోగి బంధువులకూ నడుమ నిలిచి సలహా చెప్పే వ్యక్తిని క్లినికల్ వైద్యనీతి సలహాదారు అంటారు. ఆ సలహా వికటిస్తే చట్టం ముందు ఎవరు జవాబుదారీ, నష్టపరిహారం ఎవరు చెల్లించాలి అన్నదే రాంబిల్లిలో సమావేశమైన ఈ సదస్సు ముందున్న ప్రశ్న. ఈ పని మన దేశంలో ప్రత్యేక వృత్తిగా ఇంకా నిలదొక్కుకోలేదు. అయినా రాంబిల్లి పరిసర తీరగ్రామాల నుంచి విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి తరలించిన రోగి వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు, దాన్ని తొలగించాలా వద్దా అన్న సందేహం వృత్తి స్థిరపడేదాకా ఆగదు. ప్రాణాధార చికిత్స నిలిపివేతపై తాను 2018లో ఇచ్చిన తీర్పును సడలిస్తూ 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇలాంటి నిర్ణయాలకు రెండు వైద్య బోర్డులు చాలునన్నది. వాటిలో ఉండేది వైద్యులే, నీతి సలహాదారుకు స్థానం లేదు.

సలహా చెప్పేవారి బాధ్యత తేలకపోతే ఏమవుతుందో తెలుగునేల ఒకసారి చూసింది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను పాత్ అనే అమెరికా సంస్థ ప్రయోగాత్మక పథకంగా వేయించింది. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చినప్పటికీ, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం బయటపెట్టిన ఒక లెక్క మాత్రం మరుగున పడరానిది: నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అంగీకారపత్రాలలో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. కన్నవారు చెప్పవలసిన సమ్మతిని వార్డెన్ చెప్పడమంటే అది సమ్మతే కాదు. పథకాన్ని నైతిక దృష్టితో పరిశీలించవలసిన సంఘాల సభ్యులు ఇందుకు వ్యక్తిగతంగా ఏ మేరకు బాధ్యులన్నది తేలకుండానే ఉండిపోయింది.

సలహాదారు సంగతి తేలకపోయినా వైద్యుని బాధ్యతను కోర్టులు నిర్ణయించాయి. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యసేవను వినియోగదారుల చట్టం పరిధిలోకి తెచ్చింది. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో, వైద్యుని నిర్లక్ష్యం తీవ్రమైనదైతేనే క్రిమినల్ నేరమవుతుందని చెప్పి, అభియోగానికి ముందు మరో వైద్యుని అభిప్రాయం తీసుకోవాలన్నది. ఈ రక్షణలు వైద్యుని దృష్టిలో పెట్టుకొని ఏర్పడినవి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే ఐదేళ్ల వరకు శిక్ష విధిస్తూ, వైద్యప్రక్రియ జరుపుతున్న రిజిస్టర్డ్ వైద్యునికి మాత్రం దాన్ని రెండేళ్లకు పరిమితం చేసింది. వైద్యుడు కాని సలహాదారుకు, అంటే తత్త్వశాస్త్ర ఆచార్యునికో న్యాయవాదికో, ఆ మినహాయింపు వర్తించదు. మాటసాయం చేసినవారి సలహాయే మరణానికి ప్రత్యక్ష కారణమని రుజువు చేయడం కష్టమే కావచ్చు. కాని కేసు నడిచినన్నాళ్లూ ఖర్చూ మనోవేదనా తప్పవు.

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం 1987లో ఆసుపత్రులన్నిటా రోగి సంరక్షణ సలహా సంఘాలు ఉండాలని శాసించి, సద్బుద్ధితో చెప్పిన సలహాకు సభ్యులపై దావా పడకుండా రక్షణ ఇచ్చింది. ఇక్కడ ఆ దారి సరిపడదు. దావా నుంచి మినహాయింపు సలహాదారును కాపాడుతుంది గాని నష్టపోయిన కుటుంబానికి దక్కేదేమీ ఉండదు. బీమా ఇద్దరినీ కాపాడుతుంది.

వృత్తిపరమైన పొరపాటుకు పరిహారం చెల్లించే ఇండెమ్నిటీ పాలసీలను మన బీమా కంపెనీలు వైద్యులకు ఎప్పటినుంచో అమ్ముతున్నాయి. ఇవి సాధారణంగా క్లెయిము వచ్చిన నాటికి పాలసీ అమలులో ఉంటేనే పనిచేస్తాయి. పొరపాటు జరిగింది పాలసీలో పేర్కొన్న వెనుకటి తేదీ తర్వాతై ఉండాలి. కనుక మూడేళ్ల క్రితం చెప్పిన సలహా మీద నేడు నోటీసు వస్తే, మధ్యలో పునరుద్ధరణ మరచిన సలహాదారు ఏ ఆసరా లేకుండా మిగులుతాడు. క్రిమినల్ శిక్షగా పడిన జరిమానా బీమా పరిధిలోకి రాదు. ఆసుపత్రి నీతి సంఘంలో గౌరవ వేతనమైనా అందకుండా సలహా చెప్పే సభ్యుడు ప్రీమియం తానే కట్టుకోవాలనడం న్యాయం కాదు.

అందుచేత ఆసుపత్రులు తమ పాలసీలో నీతి సంఘ సభ్యుల పేర్లు చేర్చి ప్రీమియం తామే భరించాలనీ, సభ్యుడు తప్పుకున్న తర్వాత కూడా కొన్నేళ్లు ఆ రక్షణ కొనసాగించాలనీ, ప్రతి సలహానూ కారణాలతో కేసు షీటులో నమోదు చేయించాలనీ ఈ సదస్సు తీర్మానించి, ఆ తీర్మానాన్ని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలకు పంపవలసిందిగా అధ్యక్షస్థానం సభ్యులను కోరుతున్నది.