నురగ చెప్పిన సంగతి - ముహూర్తం కాన్పులు



పొదుపు, లోన్ల సంగతి అందరూ మాట్లాడారు. మేము కాన్పు సంగతి ఒకటి చెప్తాము. ఇప్పుడు మన ఊళ్లలో బిడ్డ ఎప్పుడు పుట్టాలో పంతులు గారు చెప్తున్నారు. మంచి నక్షత్రం ఉందని రెండు మూడు వారాలు ముందుగానే పెద్దాపరేషన్ చేయించుకుంటున్నాము. స్కానింగులో రెండున్నర కిలోలు వచ్చింది కదా, ఏం కాదులే అంటాము. బరువు స్కానింగులో తెలుస్తుంది గానీ ఊపిరితిత్తుల సంగతి బరువును బట్టి తెలియదు.

ఊపిరితిత్తుల్లో సన్నసన్నని గాలి తిత్తులు ఉంటాయి. ఊపిరి వదిలినప్పుడు అవి మూసుకుపోకుండా లోపల జిడ్డులాంటి పూత ఉంటుంది. దాన్ని సర్ఫాక్టెంట్ అంటారు. నెలలు నిండేకొద్దీ అది పెరిగి ఉమ్మనీటిలోకి కూడా వస్తుంది.

దీన్నే పట్టుకుని 1972లో అమెరికాలో జాన్ క్లెమెంట్స్ అనే డాక్టరు, ఆయన తోటివారు ఒక పరీక్ష చెప్పారు. పొట్టలోకి సూది పెట్టి కొంచెం ఉమ్మనీరు తీయాలి. గాజు గొట్టంలో దానికి ఆల్కహాల్ కలిపి 15 సెకన్లు గట్టిగా ఊపాలి. 15 నిమిషాలయ్యాక కూడా అంచు చుట్టూ నురగ నిలిస్తే ఊపిరితిత్తులు సిద్ధమైనట్టు. మామూలు నురగ ఆల్కహాల్‌కు చచ్చిపోతుంది, ఈ పూత నురగ నిలుస్తుంది. మిషను లేదు, ఏమీ లేదు, మన సబ్బు నురగ చూసినట్టే!

ఇప్పుడు ఆ పరీక్ష దాదాపు చేయడం లేదు, మీరు వెళ్లి అడగొద్దు. సూదితో కొంత ప్రమాదం ఉంది. తేదీ సరిగ్గా తెలిస్తే ఆ అవసరమే చాలావరకు రాదు. చివరిసారి బయట చేరిన మొదటి రోజుకు 9 నెలల 7 రోజులు కలపాలి. మూడు నెలల లోపు స్కానింగు చేయిస్తే ఆ లెక్క ఖాయమవుతుంది. ముహూర్తం కావాలనుకుంటే 39 వారాలు నిండాక చూసుకోండి. 37 వారాలకు ఆపరేషన్ చేసి తీసిన బిడ్డలకు ఆయాసం ఎక్కువగా వస్తుంది.

అయితే బీపీ పెరిగిందనో, రక్తం పోతోందనో డాక్టరే ముందుగా తీయాలంటే వారాలు లెక్కపెడుతూ కూర్చోవద్దు. 34 వారాల లోపే నొప్పులొస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు ఇస్తారు.

అత్తలకు కూడా ఒక మాట. పంతులు గారి దగ్గరికి వెళ్లేటప్పుడు కోడలి తల్లీబిడ్డల కార్డు కూడా పట్టుకెళ్లండి. మా సంఘంలో గర్భిణీ సభ్యుల తేదీలు మీటింగు పుస్తకం చివరి పేజీలో రాస్తున్నాము. మీరూ రాయండి.