నేను చూసిన సినిమాలు – నాకు తోచిన మాటలు

(గుండుగొలనులో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను విమర్శకుణ్ణి కాను. సెలవు దొరికితే ఏలూరు వెళ్ళి సినిమా చూసి, ఆఖరి బస్సుకి ఊరు చేరేవాణ్ణి. అంతే నా అర్హత.

మన ఏలూరు పక్క సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ గారు తీసిన 'మిస్సమ్మ' (1955) నాకు 'మాయాబజార్' (1957) కంటే ఇష్టం. ఈ మాటంటే మావాళ్ళు కొట్టడానికొస్తారు. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధమాడిన ఇద్దరు నిరుద్యోగుల కథ అది. దరఖాస్తులు పట్టుకు తిరిగినవాడికి ఆ నవ్వు వెనక బాధ తెలుస్తుంది.

'శంకరాభరణం' (1980)లో శంకరశాస్త్రిగా వేసిన జె.వి. సోమయాజులుగారు డిప్యూటీ కలెక్టరు. మనబోటి ఉద్యోగేనని ఆఫీసంతా కదిలి వెళ్ళాం. సంగీతం నాకు తెలియదు గాని, వినేవాళ్ళు కరువైన ఆయన రోజులు మాత్రం మరిచిపోలేదు.

ఇక 'మిథునం' (2012). శ్రీరమణగారి కథను తనికెళ్ళ భరణిగారు తీశారు. తెరమీద బాలసుబ్రహ్మణ్యంగారు, లక్ష్మిగారు ఇద్దరే. చివర భర్త ముందు పోతాడు. తిరిగొస్తుంటే మా ఇంటావిడ, "ఆవిడ అదృష్టవంతురాలండీ" అంది. నాకు ఒళ్ళు మండి, ఇల్లు చేరేదాకా పలకలేదు.

నాలుగేళ్ళకి తనే ముందు వెళ్ళిపోయింది. ఆ మాట ఎందుకందో, నా కాఫీ నేను కలుపుకోవడం మొదలెట్టాక తెలిసింది. పిల్లలు వచ్చినప్పుడు టీవీలో ఆ సినిమా పెడతారు. ఆవకాయలు, గారెలు అయ్యేదాకా కూర్చుంటాను. తర్వాత లేచి అరుగుమీదకి వచ్చేస్తాను.