గునపం పడేముందు కొలత
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాత కట్టడాలను కొలవడం నా ఉద్యోగం. ఈ మాట వింటే మన లెక్కల మాస్టారు నమ్మరు. ఎక్కాల దగ్గరే వారికి నా మీద ఆశ పోయింది.

ఇప్పుడు టేపు పట్టే పని తక్కువ. మూడుకాళ్ల స్టాండు మీద లేజర్ స్కానర్ పెడితే అది చుట్టూ తిరుగుతూ సెకనుకు లక్షల చుక్కల్ని కొలుస్తుంది. గుడి మొత్తం చుక్కల మబ్బులా కంప్యూటర్లో కనిపిస్తుంది. చూసినవాళ్లు పనైపోయిందనుకుంటారు. అసలు పని అప్పుడే మొదలు.

కూచిపూడి వాళ్లకు ఇది చెప్పడం తేలిక. భామాకలాపాన్ని వీడియో తీస్తే ప్రతి కదలికా అందులో పడుతుంది. కానీ అది ఏ జతి, అక్కడే ఎందుకు వేశారు అన్నది వీడియోకు తెలియదు, గురువుగారికి తెలుసు. మేమూ ఆ చుక్కల్లోంచి ఒక్కో భాగాన్నీ విడదీసి, ఇది అధిష్ఠానం, ఇది దూలం, ఇది రాయి, ఇది తర్వాత పూసిన సిమెంటు అని రాసిపెడతాం. దీన్ని హిస్టారిక్ బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అంటారు.

స్కానర్‌కు పైపొర తప్ప కనిపించదు. ఒక ఊరి గుడి గోడ ఒకచోట ఉబ్బి ఉంటే, పునాది కుంగిందేమోనని రెండు రోజులు తలలు పట్టుకున్నాం. ముసలి అర్చకులు వచ్చి, "మా చిన్నప్పుడు అక్కడ కిటికీ ఉండేది నాయనా, మూసేశారు" అన్నారు. ఆ ముక్క ఏ యంత్రం చెబుతుంది?

మన కృష్ణ ఒడ్డునే, అమరావతి స్తూపాన్ని కాలిన్ మెకంజీ 1797లో చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ చాలావరకు తవ్వేసి ఉంది. మిగిలిన శిల్పాలను బొమ్మలు గీయించాడు. తర్వాత పోయిన పలకలు కొన్ని ఇవాళ ఆ కాగితాల మీదే ఉన్నాయి. 1516 నాటి శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కుప్పకూలింది. పారిస్‌లో నోత్రదామ్ 2019లో తగలబడితే, ఆండ్రూ టాలన్ ముందే చేసిపెట్టిన స్కాన్ పునర్నిర్మాణంలో అక్కరకొచ్చింది. అప్పటికి ఆయన లేరు.

మొవ్వ వేణుగోపాలస్వామి, శ్రీకాకుళం ఆంధ్ర మహావిష్ణువు, మన రామలింగేశ్వరుడు అంతా మన చుట్టూనే ఉన్నారు. జీర్ణోద్ధరణ వద్దనను. గర్భగుడి కురవకూడదు కదా! గునపం పడేముందు మాత్రం కొలిపించండి.

ఇక మన బడి. పాత పెంకుల బడి మోడల్ చేద్దామని కూర్చుంటే ప్లాను దొరకలేదు. ఆరో తరగతి గదికి తలుపులెన్ని అని ముగ్గురిని అడిగితే మూడు జవాబులొచ్చాయి. అదృష్టం కొద్దీ గంటగా కొట్టిన రైలుపట్టా ముక్క ఉంది. దాని పొడవు కొలిచాను. అది పడిన ఫొటో దొరికితే పక్కనున్న స్తంభం ఎత్తు, ఆ స్తంభాన్నిబట్టి వసారా లెక్క తేల్చవచ్చు.

కాబట్టి మీ పెట్టెల్లోని గ్రూపు ఫొటోలు తెండి. అందులో మీరెలా పడ్డా ఫరవాలేదు. వెనకాల గోడ కనిపిస్తే చాలు.